ఐపీ పెట్టడానికీ, అప్పు రద్దవడానికీ మధ్య ఎంత దూరం?

జిల్లా పేజీల్లో ఈ వార్త తరచూ కనిపిస్తుంది. ఫలానా ఊళ్లో వ్యాపారి కోట్లకు ఐపీ పెట్టాడు, అప్పులిచ్చినవాళ్లు అతని ఇంటి ముందు బైఠాయించారు. చదివినవాళ్లు చాలామంది "వాడి అప్పులు పోయినట్టే, వీళ్ల డబ్బుకు నీళ్లొదులుకోవాల్సిందే" అనుకుంటారు. పీకలదాకా అప్పుల్లో ఉన్నవాళ్లకు కూడా ఎవరో ఒకరు అదే సలహా ఇస్తారు: "ఎందుకీ టెన్షన్, ఐపీ పడేయ్."

ఇటు చూసినా అటు చూసినా ఇది పొరపాటే. ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్, అంటే దివాలా దరఖాస్తు. దాన్ని కోర్టులో వేసినంత మాత్రాన బాకీ ఒక్క రూపాయి కూడా తగ్గదు. తగ్గాలంటే ఆ తర్వాత ఇంకో రెండు మెట్లు ఎక్కాలి, ఉన్న ఆస్తి మొత్తం కోర్టు చేతిలో పెట్టాలి. మధ్యలో వదిలేసిన ఐపీ మళ్లీ మొదటికే వస్తుంది.

మాఫీ, రైటాఫ్, సెటిల్‌మెంట్, కాలదోషం: వీటిలో ఏదీ దివాలా కాదు

అప్పుల గురించి మాట్లాడేటప్పుడు ఈ మాటలన్నీ కలిసిపోతుంటాయి. రుణమాఫీ ప్రభుత్వ నిర్ణయం. రైతు బదులు ప్రభుత్వం బ్యాంకుకు కడుతుంది. 2024లో తెలంగాణలో 2 లక్షల వరకు పంట రుణాల మాఫీ అలాంటిదే. పథకం పరిధిలో ఉన్న రుణానికే అది వర్తిస్తుంది. అదే రైతు పక్క ఊరి షావుకారికి రాసిచ్చిన ప్రోనోటుకు దాంతో సంబంధం లేదు.

రైటాఫ్ బ్యాంకు తన పుస్తకాల్లో చేసుకునే సర్దుబాటు. "వేల కోట్లు రైటాఫ్ చేశారు" అన్న వార్త చూసి, వాళ్లకు మాఫీ చేసి మాకెందుకు చేయరని అడిగేవాళ్లు ఉన్నారు. రైటాఫ్ చేసినా బాకీ బాకీగానే ఉంటుంది, వసూలు ప్రయత్నమూ నడుస్తూనే ఉంటుంది. వన్ టైమ్ సెటిల్‌మెంట్, అంటే ఓటీఎస్, బ్యాంకుకూ మనకూ కుదిరే ఒప్పందం. బ్యాంకు కాదంటే అడిగి తీసుకునే హక్కు మనకు లేదని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కుదిరినా, పూర్తిగా కట్టి మూసేసిన ఖాతాలా కాకుండా, 'సెటిల్డ్' అని సిబిల్ రిపోర్టులో పడుతుంది. తర్వాత కొత్త లోను అడిగినప్పుడు అది అడ్డం వస్తుంది.

ఇక కాలదోషం. ప్రోనోటు మీద దావా వేయడానికి గడువు 3 ఏళ్లు. ఆ లోపు అప్పు తీసుకున్నవాడు కొంత కట్టి నోటు వెనక తన చేత్తో చెల్లు రాసినా, బాకీ ఉన్నానని రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం పెట్టినా ఆ తేదీ నుంచి మళ్లీ 3 ఏళ్లు మొదలవుతాయి. "ఒక వెయ్యి కట్టి చెల్లు రాయించు చాలు" అని అప్పిచ్చినవాళ్లు వెంటపడేది ఇందుకే. కాలదోషం పట్టాక బాకీ మాయమైపోదు, కోర్టుకెళ్లి వసూలు చేసుకునే దారి మాత్రం మూసుకుపోతుంది.

ఇంకా 1920 నాటి చట్టమే

2016లో కేంద్రం ఇన్సాల్వెన్సీ అండ్ బ్యాంక్రప్ట్సీ కోడ్ తెచ్చింది. అందరూ ఐబీసీ అంటారు. అందులో మూడో భాగం వ్యక్తుల దివాలా గురించే ఉంది. కానీ ఆ భాగాన్ని 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవాళ్ల వరకే అమల్లోకి తెచ్చారు. కిరాణా కొట్టు యజమాని, ఉద్యోగి, రైతు, ఇంటి పట్టున చిట్టీలు నడిపే గృహిణి, వీళ్లెవరికీ ఐబీసీ ఇంకా వర్తించదు.

వాళ్లకు వర్తించేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. ముంబయి, కోల్‌కతా, చెన్నై నగరాలకు 1909 నాటి చట్టం వేరే ఉంది. మిగతా చోట్ల, తెలుగు రాష్ట్రాలతో సహా, 1920 చట్టమే. ఎంత పాతదో దాని అంకెలే చెబుతాయి: అప్పు 500 రూపాయలు దాటితే చాలు, దివాలా పిటిషన్ వేయవచ్చు. మన దగ్గర ఈ పిటిషన్లు మామూలుగా సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో, పాతవాళ్ల మాటలో సబ్ కోర్టులో, పడతాయి. కేసు నంబరు ముందు 'ఐ.పి.' అని ఉంటుంది కాబట్టే జనం నోట అది ఐపీ అయింది.

మరో సంగతి చాలామందికి తెలియదు. ఐపీని అప్పు తీసుకున్నవాడే వేయాలని లేదు, అప్పిచ్చినవాడూ వేయవచ్చు. బాకీదారు అప్పులు ఎగ్గొట్టే ఉద్దేశంతో ఆస్తి బదలాయించినా, ఒకరిద్దరు కావలసినవాళ్లకు మాత్రం కట్టి మిగతావాళ్లకు చెయ్యి చూపినా, దొరక్కుండా ఊరు విడిచినా చట్టం వాటిని దివాలా చర్యలుగా లెక్కిస్తుంది. అలాంటిది జరిగిన 3 నెలల లోపు అప్పిచ్చినవాడు "ఇతన్ని దివాలాదారుగా ప్రకటించండి" అని కోర్టును అడగవచ్చు. ఆస్తిని బంధువుల పేర్ల మీదికి మళ్లిస్తున్నవాడిని ఆపడానికి మామూలు దావా కంటే ఇది పదునైన ఆయుధం. వాడేవాళ్లు మాత్రం తక్కువ.

మూడు మెట్లు

మొదటిది పిటిషన్. అందులో ఎవరెవరికి ఎంత బాకీ, వాళ్ల చిరునామాలు, తనకున్న ఆస్తి, రావలసిన బాకీలు, అన్నీ రాయాలి. జాబితాలో ఉన్న అప్పులవాళ్లందరికీ కోర్టు నుంచి నోటీసు వెళ్తుంది. "ఐపీ నోటీసు వచ్చింది" అంటే ఇదే. తీర్పు కాదు, "మీరేమంటారు" అన్న పిలుపు. అందుకున్నవాళ్లు హాజరై అభ్యంతరాలు చెప్పుకోవచ్చు. కాగితం చూసి నిట్టూర్చి బీరువాలో పెట్టేసేవాళ్లు అక్కడే నష్టపోతారు.

పిటిషన్ వేసినంత మాత్రాన నడుస్తున్న దావాలు ఆగవు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవలసిన విషయం.

రెండోది అడ్జుడికేషన్, అంటే ఇతను దివాలాదారు అని కోర్టు ప్రకటించడం. ఈ దశలో బాకీదారు తన అశక్తతను పూర్తిగా రుజువు చేయనక్కర్లేదు, పైకి నమ్మదగ్గ ఆధారం చూపిస్తే చాలునని చట్టమే అంటుంది. ఐపీలు సులువుగా 'పాసవుతాయి' అన్న పేరు అందుకే వచ్చింది. కానీ ఆ ఉత్తర్వు వచ్చిన క్షణం నుంచి అతని ఆస్తి అతనిది కాదు. కోర్టుకో, కోర్టు నియమించిన రిసీవరుకో చెందుతుంది. అదీ పిటిషన్ వేసిన తేదీ నుంచే చెందినట్టు లెక్క. అందుకు బదులుగా అతనికి దక్కేది ఏమిటంటే, పిటిషన్‌లో చూపించిన అప్పులకు సంబంధించి ఇక ఎవరూ కోర్టు అనుమతి లేకుండా కొత్త దావా వేయకూడదు. అరెస్టు కాకుండా రక్షణ ఉత్తర్వు కూడా అడగవచ్చు. ఆ తర్వాత అప్పులవాళ్లు తమ బాకీ రుజువు చేసుకుని జాబితాలో చేరాలి. ఉత్తుత్తి ప్రోనోట్లతో బామ్మర్దుల్నీ స్నేహితుల్నీ అప్పులవాళ్లుగా చూపించే ఎత్తు బయటపడేది, నిజమైన అప్పులవాళ్లు కళ్లు తెరుచుకుని ఉంటే, ఇక్కడే.

మూడోది డిశ్చార్జి. బాకీల నుంచి విముక్తి ఇచ్చేది ఇదొక్కటే. దీనికోసం మళ్లీ విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఎంత గడువులోగా పెట్టుకోవాలో అడ్జుడికేషన్ ఉత్తర్వులోనే కోర్టు రాస్తుంది. ఆ గడువులో అడగకపోతే దివాలా ఉత్తర్వే రద్దవుతుంది. రద్దయితే అప్పులన్నీ మళ్లీ నిద్రలేస్తాయి. ఈలోగా కాలదోషం పట్టేసి ఉంటుందన్న ఆశ కూడా పనికిరాదు. ఉత్తర్వు ఉన్న కాలాన్ని గడువు లెక్కలోంచి తీసేయాలని చట్టం 78వ సెక్షన్‌లో ముందే రాసి పెట్టారు.

డిశ్చార్జి రాకుండా దివాలాదారుగానే మిగిలిపోతే ఇంకో చిక్కు. ఆ స్థితిలో ఉన్నవాళ్లు ఎమ్మెల్యే, ఎంపీ పదవులకు అనర్హులని రాజ్యాంగమే చెబుతోంది. దివాలాదారునన్న సంగతి చెప్పకుండా 50 రూపాయలు దాటి అప్పు చేస్తే జైలు శిక్ష పడే నేరం.

రూపాయికి అర్ధరూపాయి

డిశ్చార్జి అడిగినవాళ్లందరికీ రాదు. 42వ సెక్షన్‌లో కొన్ని సంగతులు రాశారు. వాటిలో ఒక్కటి రుజువైనా కోర్టు షరతుల్లేని విముక్తి ఇవ్వకూడదు. మొదటిది, తాకట్టు లేని అప్పుల్లో రూపాయికి ఎనిమిది అణాలు, అంటే అర్ధరూపాయి, కూడా ఆస్తి లేకపోవడం. అయితే ఆ పరిస్థితికి తన తప్పు లేదని చూపించగలిగితే ఇది అడ్డం రాదు. దుకాణం తగలబడినవాడికీ, పేకాటలో పోగొట్టుకున్నవాడికీ చట్టం ఇక్కడ తేడా చూస్తుంది.

మిగతా వాటిలో కొన్ని: వ్యాపారికి ఉండాల్సిన ఖాతా పుస్తకాలు గత 3 ఏళ్లుగా రాయకపోవడం, చేతులెత్తేశానని తెలిసి కూడా వ్యాపారం సాగించడం, తీర్చే ఆశ ఏమాత్రం లేకుండానే అప్పు తేవడం, దుబారా, జూదం, తెగించి సట్టా ఆడటం. ఇప్పటి ఆన్‌లైన్ బెట్టింగ్ అప్పుల్ని వందేళ్ల కిందటి ఈ జాబితా పక్కన పెట్టి చూడండి, కొత్తగా ఒక్క మాట కూడా చేర్చనక్కర్లేదు. ఇలాంటి సందర్భాల్లో కోర్టు డిశ్చార్జి నిరాకరించవచ్చు, కొంతకాలం ఆపి ఉంచవచ్చు, లేదా ముందు ముందు వచ్చే సంపాదనలో ఇంత కట్టాలన్న షరతు పెట్టవచ్చు.

చీరాల బట్టల కొట్టు: ఒక ఊహా లెక్క

చీరాలలో ఒక బట్టల వ్యాపారి ఉన్నాడనుకుందాం. మొత్తం బాకీ 40 లక్షలు. ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకులో తీసుకున్నది 16 లక్షలు. నూటికి 2 రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి, ప్రోనోట్ల మీద ఆరుగురి దగ్గర తెచ్చింది 15 లక్షలు. పర్సనల్ లోను, క్రెడిట్ కార్డు కలిపి 5 లక్షలు. టోకు వ్యాపారికి ఇచ్చి బౌన్సయిన చెక్కు 3 లక్షలు. జీఎస్టీ బకాయి లక్ష.

ఆస్తి విషయానికొస్తే, ఇల్లు 20 లక్షలు చేస్తుంది, కొట్లో సరుకు 4 లక్షలు. ఊరి చివర 5 లక్షల స్థలం ఉండేది. "ముందు దాన్ని తప్పించు, తర్వాత ఐపీ పెడదాం" అని ఎవరో చెబితే పోయిన ఏడాది తమ్ముడికి గిఫ్ట్ డీడ్ రాసేశాడు.

దివాలా ప్రకటించాక ఏం జరుగుతుంది? బ్యాంకు చేతిలో తాకట్టు ఉంది కాబట్టి ఐపీతో దానికి నిమిత్తం లేదు. ఇల్లు వేలం వేసి తన 16 లక్షలు తీసుకుంటుంది. మిగిలిన 4 లక్షలు రిసీవరుకు వస్తాయి. సరుకు అమ్మితే ఇంకో 4. మొత్తం 8 లక్షలు. తాకట్టు లేని అప్పులు 24 లక్షలు. అంటే రూపాయికి 33 పైసలు. ఎనిమిది అణాల గీత దాటలేదు.

ఇప్పుడు స్థలం సంగతి. పిటిషన్‌కు ముందు 2 ఏళ్ల లోపు ఉత్తపుణ్యానికి రాసిచ్చిన ఆస్తిని 53వ సెక్షన్ కింద కోర్టు రద్దు చేయవచ్చు. నిజంగా డబ్బిచ్చి, మంచి నమ్మకంతో కొన్నవాళ్లకు దీంతో భయం లేదు. తమ్ముడు కొనలేదు. గిఫ్ట్ రద్దయి స్థలం వెనక్కి వస్తే ఆస్తి 13 లక్షలవుతుంది. 24 లక్షల మీద 13 లక్షలు అంటే రూపాయికి 54 పైసలు. గీత దాటాడు. స్థలం దాచకుండా మొదటే పిటిషన్‌లో చూపించి ఉంటే డిశ్చార్జికి దారి తేలికయ్యేది. దాచడం వల్ల స్థలమూ దక్కలేదు, కోర్టు దృష్టిలో మోసగాడన్న ముద్రా పడింది.

పంపకం ఇలా ఉంటుంది. 13 లక్షల్లో రిసీవరు ఖర్చులు లక్ష అనుకుందాం. ప్రభుత్వ బకాయి ముందు తీరాలి, జీఎస్టీకి లక్ష. మిగిలింది 11 లక్షలు. దాన్ని 23 లక్షల బాకీకి దామాషాగా పంచాలి. రూపాయికి దాదాపు 48 పైసలు. 3 లక్షల ప్రోనోటున్న రిటైర్డ్ టీచరు చేతికి సుమారు 1 లక్షా 43 వేలు వస్తాయి. నోటీసు వచ్చినా హాజరు కాక, బాకీ రుజువు చేసుకోనివాళ్లకు ఏమీ రాదు, వాళ్ల వాటా మిగతావాళ్లకు కలిసొస్తుంది.

డిశ్చార్జి వచ్చినా వదలని బాకీలు

ప్రభుత్వానికి కట్టాల్సినవి, మోసం చేసి తెచ్చిన అప్పులు, కోర్టు వేసిన మనోవర్తి, ఇవి డిశ్చార్జితో పోవు. పైన చెప్పిన వ్యాపారి పర్సనల్ లోనుకు బావమరిది షూరిటీ సంతకం పెట్టి ఉంటే, వ్యాపారికి విముక్తి వచ్చినా బావమరిదికి రాదు. బ్యాంకు మిగిలిన సొమ్ము కోసం నేరుగా అతని జీతం మీదికి వెళ్లవచ్చు. ఇళ్లల్లో అసలు గొడవలు ఇక్కడే పుడతాయి, ఐపీ పెట్టే ముందు మాట్లాడుకోవాల్సిన మొదటి మనిషి షూరిటీదారు.

చెక్ బౌన్స్ కేసు క్రిమినల్ కేసు. చెక్కు తిరిగొచ్చిందన్న సమాచారం అందిన 30 రోజుల్లో అవతలివాళ్లు నోటీసు ఇస్తారు, అది అందాక 15 రోజుల్లో కట్టకపోతే ఆ తర్వాత నెల లోపు కేసు వేస్తారు. నేరం రుజువైతే 2 ఏళ్ల వరకు జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా పడవచ్చు. దివాలా ఉత్తర్వు దీన్ని ఆపదు. ఐబీసీ కింద హామీదారులకు దొరికే మారటోరియం, అంటే వసూలు చర్యలకు తాత్కాలిక విరామం, కూడా చెక్ కేసును ఆపదని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. చిట్టీలు, డిపాజిట్ల పేరుతో జనం దగ్గర వసూలు చేసినవాళ్లదీ ఇదే పరిస్థితి. ఐపీ నోటీసులు పంపినా 1999 నాటి డిపాజిటర్ల పరిరక్షణ చట్టం కింద, చీటింగ్ సెక్షన్ల కింద కేసులు వాటి దారిన అవి నడుస్తాయి, ఆ చట్టం కింద ఆస్తుల జప్తూ ఉంటుంది.

ఐపీ అవసరం లేకుండానే ఉన్న రక్షణ

చాలామంది ఐపీ దాకా వెళ్లేది జైలు భయంతో. డబ్బు కట్టమన్న డిక్రీ (కోర్టు తీర్పు) మీద ఈపీ, అంటే దాన్ని అమలు చేయమనే దరఖాస్తు, వేసి, అరెస్టు వారెంటు తెచ్చిన మాట విన్నాక కాళ్లాడవు. నిజానికి కట్టలేనివాడిని బాకీ కోసం సివిల్ జైల్లో పెట్టకూడదు. స్తోమతు ఉండి కూడా దురుద్దేశంతో ఎగ్గొడుతున్నాడని తేలితేనే పెట్టాలని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు డిక్రీలో స్త్రీలను అసలు అరెస్టే చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్ అంటుంది. డబ్బు డిక్రీ కింద అరెస్టు చేసి తెచ్చినవాడికి "కావాలంటే నువ్వు దివాలా దరఖాస్తు పెట్టుకోవచ్చు" అని కోర్టు చెప్పే ఏర్పాటు కూడా అదే కోడ్‌లో ఉంది. ఈపీల వెనకే ఐపీలు రావడానికి అదొక కారణం.

జీతం జప్తుకూ హద్దుంది. 40 వేల జీతం అనుకోండి, జప్తుకు రాని అలవెన్సులు తీసేశాక. మొదటి 1,000 ముట్టుకోకూడదు. మిగిలిన 39 వేలలో మూడింట రెండు వంతులు కూడా ముట్టుకోకూడదు. జప్తయ్యేది నెలకు 13 వేలు. అదీ ఒక డిక్రీ కింద 24 నెలలకు మించి కాదు. మనోవర్తి డిక్రీలకు లెక్క వేరు. పీఎఫ్, పెన్షన్, వంట సామాను, చేతివృత్తివాళ్ల పనిముట్లు, రైతు ఎడ్లు, విత్తనాలు, రైతు కాపురమున్న ఇల్లు, ఇవన్నీ 60వ సెక్షన్ మినహాయింపుల్లో ఉన్నాయి. దివాలాలో రిసీవరు కూడా వీటిని తీసుకోలేడు. కానీ ఆ ఇంటినే తాకట్టు పెట్టి అప్పు తెచ్చి ఉంటే, ఆ తాకట్టు అప్పుకు ఈ కవచం పనిచేయదు.

వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. బ్యాంకుకో ఫైనాన్స్ కంపెనీకో రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు పరిష్కరించే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు. తెలంగాణలో చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, గ్రామీణ చేతివృత్తులవాళ్ల కోసం 2016లో రుణ విముక్తి కమిషన్ చట్టం విడిగా వచ్చింది.

ఏ బాకీకి ఏ లాయరు

"అప్పుల లాయరు" అని ఒకరు ఉండరు. ఐపీ, ప్రోనోటు దావా, ఈపీ మన ఊరి సివిల్ కోర్టు పనులు, అక్కడ రోజూ వాదించే సివిల్ లాయరు చాలు. చెక్ కేసు మేజిస్ట్రేటు కోర్టుది. బ్యాంకు ఇంటి గోడకు నోటీసు అంటించిందంటే అది సర్ఫేసీ చట్టం, తాకట్టు ఆస్తిని దావా వేయకుండానే స్వాధీనం చేసుకునే వీలు బ్యాంకుకు ఇచ్చేది. అక్కడ మొదట 60 రోజుల నోటీసు వస్తుంది, దానికి అభ్యంతరం రాస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. స్వాధీనం చర్య మొదలయ్యాక 45 రోజుల్లో డీఆర్‌టీకి, అంటే అప్పుల వసూలు ట్రిబ్యునల్‌కు, వెళ్లాలి. తెలుగు రాష్ట్రాల్లో అవి హైదరాబాద్, విశాఖపట్నంలో ఉన్నాయి. సివిల్ కోర్టులో స్టే తెచ్చుకుందామని తిరుగుతూ ఆ 45 రోజులు పోగొట్టుకోవడం చాలా ఖరీదైన తప్పు. సాగుభూమి మీద సర్ఫేసీ వర్తించదు. కంపెనీ అప్పుకు డైరెక్టరుగా వ్యక్తిగత హామీ ఇచ్చినవాళ్ల దివాలా మామూలుగా ఎన్‌సీఎల్‌టీలో, అంటే జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌లో, నడుస్తుంది. మన చీరాల వ్యాపారికి వీటిలో మూడు చోట్ల పని పడుతుంది: సబ్ కోర్టు, మేజిస్ట్రేటు కోర్టు, డీఆర్‌టీ.

అప్పుల్లో ఉన్నవాడు ఫీజు ఎక్కణ్నుంచి తెస్తాడన్న ప్రశ్నకు 1987 నాటి న్యాయసేవల చట్టంలో జవాబుంది. స్త్రీలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, ఇంకా కొన్ని వర్గాలవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. మిగతావాళ్లకు రాష్ట్రం పెట్టిన ఆదాయ పరిమితి వర్తిస్తుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, ఫోనులో అయితే 15100. లోక్ అదాలత్‌లను నడిపేదీ ఇదే వ్యవస్థ. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. కోర్టులో ఉన్న కేసు అయితే కట్టిన కోర్టు ఫీజు తిరిగొస్తుంది. డిక్రీతో సమానమన్న మాటలో ఒక మెలిక ఉంది. వాయిదాల్లో కడతానని ఒప్పుకుని తప్పితే, అవతలివాళ్లు మళ్లీ దావా వేయనక్కర్లేదు, నేరుగా ఈపీకి వస్తారు.

"మీ లోను సగానికి తగ్గిస్తాం" అంటూ ఫోన్లో ప్రకటనలిచ్చే సెటిల్‌మెంట్ సంస్థలు వేరే జాతి. అడ్వకేట్లు పని కోసం ప్రకటనలు ఇచ్చుకోకూడదని, కేసు ఫలితాన్ని బట్టి వాటా ఫీజుగా మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధనలున్నాయి. తగ్గించిన దాంట్లో ఇంత శాతం మాకు అని అడిగేవాళ్లు ఏ హోదాలో అడుగుతున్నారో దీన్నిబట్టే తెలుస్తుంది. అలాంటి కొందరు ఈఎంఐలు ఆపేయమని చెబుతారు. ఆపిన కాలానికి పడే వడ్డీ, పెనాల్టీ, సిబిల్ దెబ్బ మన ఖాతాలోనే పడతాయి.

మోసమా, ఆసరానా

ఐపీ అంటే ఎగవేతే అన్నది అప్పిచ్చినవాళ్ల వాదన. అది ఊరికే పుట్టలేదు. పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ప్రోనోటు మీద అప్పిచ్చేవాళ్లు అందరూ షావుకార్లు కారు. రిటైరైన ఉద్యోగి, కూతురి పెళ్లికి దాచుకున్న తల్లి, ఎకరం అమ్ముకున్న రైతు ఉంటారు. పిటిషన్‌లో తమ పేరు ప్రతివాదిగా చూసుకుని, పది సార్లు వాయిదాకు తిరిగి, చివరికి రూపాయికి పావలా కూడా రాకపోతే వాళ్లకు చట్టం ఎవరి పక్షాన ఉన్నట్టు అనిపిస్తుంది? పిటిషన్ దశలో పెద్దగా విచారణ లేకపోవడం, రిసీవరు ఆస్తుల వెంట పడకపోతే అడిగే దిక్కు అప్పులవాళ్లే కావడం, ఈ రెండు లోపాలూ నిజమే.

అటువైపు నుంచి చూస్తే, వ్యాపారం దెబ్బతిన్న ప్రతివాడూ దొంగ కాడు. ఒక పక్క ఆరుగురు అప్పులవాళ్లు విడివిడిగా పీకుతుంటే ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లకే డబ్బు వెళ్తుంది, నెమ్మదస్తులకు ఏమీ మిగలదు. దివాలా చట్టం అందరినీ ఒక చోట కూర్చోబెట్టి ఉన్నదాన్ని దామాషాగా పంచుతుంది. బయటపడే దారి లేకపోతే మనిషి ఊరొదిలి పారిపోతాడు, లేదా అంతకన్నా ఘోరానికి పాల్పడతాడు. 2010లో సూక్ష్మరుణాల వేధింపులు, ఆత్మహత్యల తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్సు తేవాల్సి వచ్చిన సంగతి ఇంకా పాతబడలేదు.

నా మట్టుకు నాకు రెండు వాదనలూ ఒకే చోటికి వస్తున్నట్టు కనిపిస్తాయి. ఎగవేతదారుకు లాభించేది చట్టం కాదు, చట్టం మధ్యలో ఆగిపోవడం. ఆస్తుల జాబితా నిజమా కాదా చూసి, గిఫ్టులు తిరగదోడి, డిశ్చార్జి దాకా విచారణ నడిస్తే మోసగాడు అక్కడే దొరుకుతాడు. నిజంగా చితికిపోయినవాడికి కూడా అదే విచారణ కావాలి, అతనికి డిశ్చార్జి వచ్చేది దాని చివరే కాబట్టి.

2016 చట్టం అందరికీ వస్తే

ఐబీసీ మూడో భాగం పూర్తిగా అమల్లోకి వస్తే బాకీదారుకు మొదట దొరికేది ఊపిరి తీసుకునే వ్యవధి. దరఖాస్తు వేయగానే మధ్యంతర మారటోరియం మొదలవుతుంది, దరఖాస్తు ఆమోదం పొందాక 180 రోజుల దాకా మారటోరియం ఉంటుంది. ఆ లోపు వాయిదాల ప్రణాళిక తయారుచేసి, బాకీ విలువలో నాలుగింట మూడు వంతులకు మించి ఉన్న అప్పులవాళ్లు ఒప్పుకుంటే దాని ప్రకారం కట్టుకుంటూ పోవచ్చు. 1920 చట్టంలోనూ రాజీ ప్రతిపాదన ఉంది కానీ గడువుల ఒత్తిడి లేదు. ప్రణాళిక కుదరక దివాలాకు వెళ్తే, ఆ ప్రక్రియ మొదలైన ఏడాదికి డిశ్చార్జి అడిగే ఏర్పాటు ఉంది.

అభ్యంతరాలు కూడా గట్టివే. ఈ కేసులు వినాల్సింది డీఆర్‌టీలు. శ్రీకాకుళంలో కొట్టు నడిపేవాడికి ఇప్పుడు సొంత జిల్లాలోని సివిల్ కోర్టుతో అయ్యే పనికి విశాఖ వెళ్లాలి, ఆదిలాబాద్‌వాడు హైదరాబాద్ రావాలి. డీఆర్‌టీల్లో బ్యాంకుల కేసులే ఇప్పటికే పేరుకుపోయి ఉన్నాయి. విముక్తి తేలికైతే చేబదుళ్లు, ప్రోనోటు అప్పులు పుట్టడం కష్టమవుతుందని భయపడేవాళ్లూ ఉన్నారు.

అతి పేదల కోసం అందులో 'ఫ్రెష్ స్టార్ట్' అనే భాగం పెట్టారు. ఏడాది ఆదాయం 60 వేలు, ఆస్తి 20 వేలు, రద్దు కోరే బాకీలు 35 వేలు మించకూడదు. సొంత ఇల్లు ఉండకూడదు. నెలకు 5 వేలు మించి సంపాదిస్తే అర్హత లేనట్టే. తాపీ పనికి, పత్తి ఏరడానికి వెళ్లే కూలీ కూడా పని దొరికిన నెలల్లో అంతకు మించే తెస్తాడు, పొదుపు సంఘంలో, మైక్రోఫైనాన్స్‌లో కలిపి అతని ఇంటి బాకీ 35 వేల దగ్గర ఆగదు. 2016లో రాసిన ఆ అంకెలు మార్చకుండా ఈ భాగాన్ని ఇప్పుడు తెచ్చినా దాని గడప దాటి లోపలికి రాగలిగేవాళ్లు బహుకొద్దిమంది.